నోటికి ఏమీ ఇవ్వరాదు

దిండు కింద చెయ్యి పెట్టగానే వేళ్లకు వెచ్చగా తగిలింది. ఆయాకు ఆశ్చర్యం కలగలేదు. దిండు కింద దాచేవాళ్లంటే ఆమెకు మొదట్నుంచీ చులకన. ఒక డబ్బా దాచడం చేతకాని మనిషి రేపు బిడ్డను ఏం సాకుతుందని ఆమె అనుమానం.

"ఏంటిది?"

మంచం మీది అమ్మాయి నొప్పి వచ్చినట్టు కళ్లు మూసుకుని మూలిగింది. అసలు నొప్పికీ, జవాబు ఎగ్గొట్టడానికి తెచ్చుకున్న నొప్పికీ తేడా ఆయాకు గుమ్మంలోంచే తెలుస్తుంది. అసలు నొప్పిలో ఎవరూ అంత అందంగా మూలగరు. పక్కన స్టూలు మీద కూర్చున్న ఆ అమ్మాయి తల్లి, ఊళ్లో పెద్ద బట్టల కొట్టు యజమాని భార్య, చేతిసంచి సర్దుకుంటూ లేచింది.

"రాత్రి నుంచీ పిల్ల నోట్లో ఏమీ పడలేదమ్మా. రెండు గుడ్లు, కాస్త రొట్టె. అంతే."

ఆయా మూత తీసి చూసింది. "వెన్న కూడా రాశారే. కక్కితే ఎవరు కడుగుతారు, నువ్వా నేనా? గోడ మీద బోర్డు కనపడట్లేదా?"

బోర్డు కనబడకపోవడమేమిటి. కాన్పుల వార్డులో అడుగుపెట్టిన ప్రతివాళ్లకూ ముందు కనబడేది అదే. నొప్పులు పడుతున్నవారికి నోటికి ఏమీ ఇవ్వరాదు. ఎర్రరంగు వెలిసి ఇటుకపొడిలా అయింది గానీ అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయా ఆ బోర్డు కింద నుంచి వెళ్లేటప్పుడు ప్రతిసారీ ఒకసారి తలెత్తి చూసేది. ఆమెకు చదువు రాదు. కానీ దాన్ని ఆమెకన్నా బాగా చదివినవాళ్లు ఆ ఆసుపత్రిలో లేరు.

డబ్బా మాసిన దుప్పట్ల బండిలోకి పోయింది. అక్కణ్నుంచి సామాన్ల గదిలోకి, అక్కడ తలుపు వెనక మేకుకు వేలాడే ఆమె సంచిలోకి. పట్టుకున్న తిండిని గేటు దగ్గర కూర్చున్న బంధువులకు తిరిగి ఇచ్చెయ్యాలని పద్ధతి. ఆ పద్ధతి ఆమెకూ తెలుసు, హెడ్ సిస్టరుకూ తెలుసు. ఎవరూ ఎప్పుడూ వచ్చి అడగలేదు. ఇంకాసేపట్లో తమ పిల్ల కాళ్ల దగ్గర నిలబడబోయే మనిషితో రొట్టె ముక్క కోసం గొడవ పెట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది?

పొట్టి మనిషి. నడుము మొదలెక్కడో తెలియని ఒళ్లు, ఫినాయిలుకు తెల్లగా ఉబ్బిన వేళ్లు, పగుళ్లలో నల్లటి గీతలు దిగిన మడమలు. కుడి మోకాలు వంగదు కాబట్టి మంచం కింద వెతకాలంటే ఎడమ మోకాలి మీద కూలబడి, లేచేటప్పుడు పక్కమంచం కమ్మీ పట్టుకుని, ఆ మంచం మీది మనిషినే తిడుతూ లేచేది. వార్డులో ఆమెకు తాళంకప్ప అని పేరు. ఎవరు పెట్టారో తెలియదు. ఒక కాన్పుకు వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ తరవాత వచ్చేవాళ్లకు చెప్పి పోయేవారు. ఆమెకు ఆ పేరు తెలుసు, లోలోపల గర్వం కూడా. తాళం అంటే విలువైన చోట వేస్తారు గదా.

ఆడవాళ్లు తిండి దాచే తీరును బట్టి ఆమె మనుషుల్ని కొలిచేది. దిండు కింద పెట్టేవాళ్లు మొద్దులు. ఫ్లాస్కులో నీళ్లని చెప్పి పాలు తెచ్చేవాళ్లు అతితెలివి మనుషులు, మూత తియ్యకుండానే వాసన తెలుస్తుందని తెలియదు వాళ్లకు. పుట్టబోయే బిడ్డ బట్టల మూటలో అరటిపళ్లు చుట్టి తెచ్చేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండేది. బిడ్డ ఇంకా బయటికి రాకముందే వాడి బట్టలకు మరకలు అంటించే తల్లులు. ఒకామె బిస్కెట్లను తలముడిలో పెట్టుకొచ్చింది. నొప్పుల్లో తల అటూ ఇటూ కొట్టుకుంటే దిండంతా పొడి. ఆయా ఆ పొడి దులుపుతూ, "చీమలు పుడతాయే నీకు, పిల్లలు కాదు" అంది. ఆ మాటకు సిస్టర్లు వారం రోజులు నవ్వారు.

ఆ సంచీ సాయంత్రం ఇంటికి చేరేది. ఇంట్లో భర్త. ఒకప్పుడు టైలరు, ఇప్పుడు మిషను ముందు కూర్చున్న మనిషి అంతే. ఎవరైనా ప్యాంటు అంచు మడిచి కుట్టమని తెస్తే రెండు రోజులు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆమె చెప్పులు విప్పేలోగా సంచి విప్పేవాడు. "ఇవాళ మాంసం లేదా?" అనేవాడు. "ఈ రొట్టె ఎవరు చేశారో గానీ అట్టముక్కలా ఉంది" అనేవాడు. అంటూనే పళ్ల సెట్టు సవరించుకుని తినేవాడు. కూతురు కూడా ఆ తిండి మీదే పెరిగింది, పెళ్లి చేసుకుని వేరే ఊరెళ్లాక ఒకసారి ఫోనులో, గుడ్డు చూస్తే తనకు ఫినాయిలు వాసన వస్తుందని చెప్పింది. ఆయా ఫోను పెట్టేసి, తిన్నంతకాలం తిని ఇప్పుడు వాసనలట, అని మొగుడితో అంది. వంటింటి గూట్లో ఎవరెవరివో డబ్బాలు. ఒక్కదానికీ సరైన మూత లేదు.

ఆ రోజు రౌండ్సుకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. వచ్చి నెల కాలేదు, చిన్నపిల్ల. నడిచేటప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకుంటుంది. అదొక్కటి చాలు ఆయాకు, ఆమె మీద గౌరవం లేకపోవడానికి. డాక్టరమ్మ మంచం మంచానికీ ఆగి పొట్టలు తడిమి, చివరికి బోర్డు ముందు నిలబడి, "దీన్ని తీసేయించండి" అంది.

హెడ్ సిస్టరు వినబడనట్టు చూసింది.

"ఆపరేషన్ అవసరం పడేలా ఉంటే నేనే చెప్తాను, వాళ్లకి తిండి వద్దు. మిగతావాళ్లు ఆకలేస్తే కొంచెం తేలిగ్గా తిననివ్వండి. నీళ్లు అడిగినప్పుడు ఇవ్వండి. గంటలకి గంటలు నొప్పులు పడే మనిషిని ఎండగట్టడమేంటి?"

"మత్తిస్తే కక్కుకుని ఊపిరాడక పోతారని ఎప్పట్నుంచో ఉన్న రూలు డాక్టరుగారూ."

"ఒకప్పుడు అందరికీ పూర్తి మత్తిచ్చేవాళ్లు సిస్టర్. ఇప్పుడు చాలామందికి నడుముకే ఇస్తున్నాం. ఆ భయం బాగా తగ్గింది."

ఎలక్ట్రీషియను వచ్చి స్టూలెక్కి మేకులు ఊడదీశాడు. బోర్డు ఉన్నచోట గోడ మిగతా గోడకంటే తెల్లగా, పెద్ద కిటికీలా బయటపడింది. ఆయా చేతిలో తడిగుడ్డ పిండుకుంటూ చూసింది.

"ఇక చూస్కో" అంది హెడ్ సిస్టరుతో. "మంచానికో వంటగది పెడతారు. ఆ పిల్ల జేబుల్లోంచి చేతులు తీస్తుందా కడగడానికి?"

"నీకెందుకే. చెప్పింది చెయ్యి" అంది హెడ్ సిస్టరు. ఆమెకూ కష్టంగానే ఉంది, కానీ ఆమెకు పెన్షను రావాలి.

మాట పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. బట్టల కొట్టావిడ లేచి ఆయా దగ్గరికి వచ్చింది. "తినొచ్చంట కదా. పొద్దున్న డబ్బా ఇస్తావా?"

"గేటు దగ్గర ఇచ్చేశా. మీవాళ్లే ఎవరో తీసుకెళ్లారు."

"మావాళ్లెవరూ గేటు దగ్గర లేరే."

"అయితే ఎవరికిచ్చానో మరి. పొద్దున్నుంచీ వంద మంది" అంటూ ఆయా బకెట్టు ఎత్తుకుంది. అబద్ధమాడటానికి ఆమె ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. ఆ డబ్బా సాయంత్రం మొగుడి ముందు తెరుచుకోవాలి, లేకపోతే వాడి సణుగుడు వినాలి. బట్టల కొట్టావిడ మొహం ముడుచుకుని, ఇంటికి ఫోను చేసి ఇంకో క్యారియరు తెప్పించుకుంది.

మధ్యాహ్నానికి వార్డు వార్డంతా నమలడం మొదలుపెట్టింది. గోడ వైపు మంచం మీద ఒకామె రొట్టె కొరికి, నొప్పి రాగానే ఆ ముక్క బుగ్గన పెట్టుకుని అరిచి, నొప్పి పోగానే మళ్లీ నమిలేది. ఇంకొకామెకు అత్తగారు పాలు గరిటెతో పోస్తోంది, సగం మెడ మీదికి పోతున్నాయి. వీళ్లా తల్లులు. దొడ్లో కట్టేసిన పశువులు నయం. ఎవరో ఒకరు కక్కకపోతారా అని ఆయా బకెట్టు దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఒకామె కక్కింది. ఆయా విజయగర్వంతో లేచింది. కడుగుతుంటే మాత్రం, ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లు కూడా ఇన్నేళ్లూ పచ్చటి పసరు కక్కారనీ, అదీ తనే కడిగిందనీ గుర్తుకొచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదనుకుంది.

అప్పుడే కిటికీ పక్క మంచం కనబడింది.

తెల్లవారుతూనే ఒంటరిగా వచ్చిన అమ్మాయి. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు తప్ప ఏమీ లేదు. పొద్దున దిండు కింద వెతికితే పరుపే దొరికింది. వెంట ఎవరొచ్చారని సిస్టరు అడిగితే వస్తారంది. ఇప్పుడు ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది. పక్కమంచం ముసలమ్మ ఒక అరటిపండు చూపించి, "నీకెవరూ తేలేదా తల్లీ, ఇది తిను" అంది, వార్డంతా వినబడేట్టు.

"ఆకలిగా లేదండీ" అంది ఆ అమ్మాయి.

ఆయా చేతిలో తడిగుడ్డ ఆగింది. ఆ మాట ఆ గొంతుతో ఎలా వస్తుందో ఆమెకు తెలుసు.

ఆయా కాన్పు కూడా ఇదే వార్డులో. తల్లి చిన్నప్పుడే పోయింది, అత్త రానంది. పగలూ రాత్రీ నొప్పులు పడింది. పక్కమంచం ఆమెకు ఎవరో పిన్ని దుప్పటి చాటున ఉడికించిన గుడ్డు తుంచి పెడుతుంటే ఆ వాసన వచ్చింది. కానీ గోడ మీద బోర్డు ఉంది. నోటికి ఏమీ ఇవ్వరాదు. నాకెవరూ తేలేదు అని ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. రూలు ఒప్పుకోదు, అందుకే తేలేదు. ఎవరడిగినా అంతే. ఆ బోర్డు ఆమెకు కడుపు నింపలేదు గానీ పరువు కాపాడింది. పిల్ల పుట్టాక లోపలికి వచ్చిన మొగుడి మీసానికి రొట్టె పొడి అంటుకుని ఉంది. ఏంటది అనడిగితే, "భయమేస్తే నాకు ఆకలేస్తుంది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ మనిషిని ఆమె మనిషిగా లెక్కపెట్టలేదు. ఆ తరవాత అదే వార్డులో పని దొరికినప్పుడు, దుప్పట్ల చాటున తినేవాళ్ల మీద ఆమెకు ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది.

ఆయా సామాన్ల గదిలోకి వెళ్లింది. మేకు మీది సంచి వైపు చూస్తూ కాసేపు నిలబడింది. వాడికేం, ఒక్కపూట లేకపోతే చస్తాడా అనుకుని డబ్బా తీసి, కిటికీ పక్క మంచం మీద ఠంగుమని పెట్టింది.

"లే. తిను. ఆకలిగా లేదంట. ఇక్కడ నీ నటన చూడ్డానికి ఎవరూ టికెట్టు కొనలేదు."

ఆ అమ్మాయి డబ్బా వంకా ఆమె వంకా చూసింది. "ఎవరిచ్చారు?"

"మీవాళ్లే. గేటు దగ్గర ఇచ్చి పొమ్మన్నారు."

"ఆడమనిషా, మగమనిషా?"

ఆయా అంతదూరం ఆలోచించలేదు. "మగమనిషే" అంది.

ఆ అమ్మాయి మొహంలో ఏదో వెలిగింది. అది చూసి ఆయాకు నాలుక కొరుక్కోవాలనిపించింది. రొట్టె ఇద్దామని వచ్చి మనిషిని ఇచ్చినట్టయింది. ఈలోగా నొప్పి వచ్చింది. ఆ అమ్మాయి కమ్మీ పట్టుకుని, మెడనరాలు తేలేట్టు బిగబట్టి, అది తగ్గాక లేచి కూర్చుని డబ్బా తెరిచింది. రొట్టె విరిచి నోట్లో పెట్టుకుంది.

"అది మాది."

బట్టల కొట్టావిడ మంచాల మధ్యలోకి వచ్చి నిలబడింది. "ఆ డబ్బా మాది. పొద్దున్న మా దిండు కింద నుంచి తీసుకెళ్లింది ఇదే. గేటు దగ్గర ఇచ్చానంది. చూడండి, దొంగసొత్తు పంచిపెడుతోంది."

వార్డులో నమలడాలు ఆగాయి.

"ఊళ్లో స్టీలు డబ్బాలన్నీ మీ కొట్లోనే పుడతాయా?" అంది ఆయా, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"వెన్న రాసిన రొట్టె, రెండు గుడ్లు. చూడు, ఉన్నాయో లేదో. ఏయ్ పిల్లా, నువ్వు చెప్పు, నీదేనా అది?"

అందరూ ఆ అమ్మాయి వైపు చూశారు. ఆమె నోరు నిండుగా ఉంది. బట్టల కొట్టావిడ కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా నమిలి మింగింది. తరవాత గుడ్డు తీసి రెండు ముక్కలు చేసి, ఒకటి నోట్లో పెట్టుకుంది. సిగ్గుపడలేదు. డబ్బా మీద రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆఖరి పొడి దాకా తింది. నొప్పులు పడుతున్న మనిషి చేతిలోంచి లాక్కోవడం బట్టల కొట్టావిడకు కూడా కుదరలేదు. అది ఆయాకే చేతనైన పని.

మధ్యాహ్నం మూడు దాటాక ఆ అమ్మాయి కన్నది. గొడవ లేకుండా, సిస్టరు చేతితొడుగులు వేసుకునేలోగా అయిపోయింది. మగపిల్లాడు. ఆయా వాణ్ని తుడిచి తల్లి పక్కన పడుకోబెడుతుంటే ఆ అమ్మాయి అడిగింది.

"గేటు దగ్గరాయన ఎలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు. మనిషిలా ఉన్నాడు."

"మీసం ఉందా?"

"ఉంది" అంది ఆయా. మగాడంటే ఆమెకు మీసంతోనే గుర్తుకొస్తాడు.

ఆ అమ్మాయి పిల్లాడి చెవి సరిచేసింది. "మా ఆయనకి మీసం లేదు" అంది. పెదవి ఒకపక్కకు వంగింది, నవ్వో కాదో. "అయినా చాలా బాగుంది రొట్టె. ఆయన మళ్లీ కనిపిస్తే చెప్పండి."

ఆయా దుప్పటి లాగి ఆ అమ్మాయి కాళ్ల మీద కప్పి, "వాగకుండా పడుకో" అనేసి వచ్చేసింది.

డ్యూటీ దిగేముందు హెడ్ సిస్టరు పిలిచింది. బట్టల కొట్టావిడ సూపరింటెండెంటు దాకా వెళ్లిందట. "రేపట్నుంచి పైన బట్టల గదికి వెళ్లు. మంచాల దగ్గర నీకు పని లేదు" అంది, మొహం చూడకుండా. ఆయా లాక్కొచ్చిన గుడ్లు ఎన్నోసార్లు ఉప్పు అద్దుకుని తిన్న మనిషి. ఆయా ఆమెను ఎగాదిగా చూసింది. "పెన్షను జాగ్రత్త" అని, సంచి తీసుకుని బయటపడింది.

సంచి తేలిగ్గా ఉంది. అలవాటు లేక భుజం మీద నిలవకుండా జారుతోంది. బస్సులో కూర్చున్నంతసేపూ మొగుడికి ఏం చెప్పాలో చూసుకుంది. ఖాళీ సంచి చూసి మొహం వేలాడేస్తాడు. వెయ్యనీ. బియ్యం ఉన్నాయి, తనే వండి పడేస్తుంది. కానీ ముందు వాణ్ని కూర్చోబెట్టి ఆ పిల్ల సంగతి చెప్పాలి. గుడ్డు రెండు ముక్కలు చేసి ఆవిడ మొహంలోకి చూస్తూ ఎలా తిందో. మీసం లేదంది. వాడికి సగం అర్థం కాదు, అయినా చెప్పాలి. ఇంట్లో వాడికి ఏదైనా చెప్పాలనిపించి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. తిట్టాలనిపించడం వేరు.

సందు మొగలో పక్కింటావిడ నిలబడి ఉంది. ఆయాను చూడగానే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఎన్నిసార్లు ఫోను చేశాం. ఎత్తలేదు."

"డ్యూటీలో ఫోను బీరువాలో పెట్టాలి. ఏంటి?"

"మా అబ్బాయి ప్యాంటు అన్నయ్య కుట్టి ఇస్తానంటే మూడింటికి వెళ్లా. పడుకున్నాడు. పిలిస్తే లేవలేదు." పక్కింటావిడ ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "నిద్రలోనే వదినా. బాధపడ్డట్టు లేదు."

ఆయా చెయ్యి విడిపించుకుని నడిచింది. గుమ్మంలో నలుగురైదుగురు. దారి ఇచ్చారు. మంచం మీద వాడు కాస్త పక్కకు ఒత్తిగిలి ఉన్నాడు, బుగ్గలు లోపలికి పోయి, నోరు చిన్నదైపోయి, ఎవరో ముసలి పసివాడిలా. ఆమె రోజూ చూసేది ఒకటుంది, కొత్తగా పుట్టినవాళ్ల మొహం. ఇలాగే ఉంటుంది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఇంత తొందరేంటి అని తిట్టబోయింది.

"కూతురికి చెప్పారా?" అంది.

"బయల్దేరింది. తెల్లారేసరికి వస్తుంది."

ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు. వద్దంది. ఇంకెవరో, పొద్దున్నుంచీ పనిలో ఉన్నావు, ఏమన్నా కాస్త తినమన్నారు. ఆమె అతని వైపే చూస్తూ, "ఆకలిగా లేదు" అంది.

ఒక్కొక్కరే బయట అరుగు మీదికి వెళ్లారు. వెలుతురు తగ్గుతోంది, లైటు వెయ్యాలని ఎవరికీ తోచలేదు. అతనితో ఆ పిల్ల సంగతి చెబుదామని నోరు తెరిచింది. దుప్పటి అంచు సరిచేసింది. తల కింద దిండు వంకరగా ఉంటే సర్దడానికి చెయ్యి పెట్టి, అలవాటు కొద్దీ వేళ్లు లోపలిదాకా పోతే, ఒక్క క్షణం అక్కడే ఉంచి తీసేసుకుంది.

కిటికీ గట్టు మీద గాజు గ్లాసులో, అతను పడుకోబోతూ తీసి పెట్టుకున్న పళ్ల సెట్టు, నీళ్లలో కొంచెం తెరుచుకుని ఉంది.